కారాతోర్ పైదారి

సైరాకాన్ చేత రొట్టె మీద చెయ్యి వేయించి మరీ ఒట్టు పెట్టించుకున్నాడు ఆమె తమ్ముడు ఎర్మెక్. అలా పెట్టించకపోతే ఆగే మనిషి కాదు లెండి ఆమె. దారిన పోయేవాళ్ళను గుర్రం మీంచి దింపి, గుడారంలో కూర్చోబెట్టి, ఇక చాలు బాబోయ్ అనేదాకా తినిపిస్తే గాని ఆ రోజు ఆమెకు నిద్ర పట్టదు. అలాంటిది సొంత తమ్ముడు సైకిల్ మీద ఒళ్ళు హూనం చేసుకుంటూ తన గుమ్మం ముందు నుంచే పోతుంటే చేతులు కట్టుకుని కూర్చుంటుందా?

"నాకంటూ విడిగా ఏమీ చెయ్యకూడదక్కా. తిండి పెట్టకూడదు, సైకిల్ పట్టుకోకూడదు, ఏరు ఎలా ఉందో కూడా చెప్పకూడదు. పందెం నియమం అది. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఆదుకుంటే పట్టించుకోరు. నా వాళ్ళు నాకు సాయం చేశారని తేలిందా, పేరు కొట్టేస్తారు."

"మంచినీళ్ళు కూడా ఇవ్వకూడదా?"

"ఇవ్వకూడదు."

"ఎవడ్రా ఈ నియమం పెట్టింది? వాడికి అక్కచెల్లెళ్ళు లేరా?"

ఎర్మెక్ నవ్వాడు. "అందరికీ దొరికేదైతే నేనూ తీసుకోవచ్చు. కొట్లో సరుకులాగా."

"అంతేనా! మరి చెప్పవేం? అయితే అందరికీ పెడతాను. వచ్చినవాడికల్లా ఒక గిన్నెడు గుర్రప్పాల కుమిస్, ఒక రొట్టె ముక్క. అందులో నువ్వూ ఒకడివి. ఇప్పుడేమంటాడు ఆ నియమం గాడు?"

"ఏమీ అనడు. కానీ నువ్వు ఒట్టు వెయ్యి, అంతకు మించి వేలు కూడా కదపనని."

సైరాకాన్ రొట్టె మీద చెయ్యి వేసింది. ఒట్టు తప్పితే ఈ రొట్టె నన్ను కొట్టుగాక అంది. కారాతోర్ లోయలో అంతకు మించిన ఒట్టు లేదు. పక్కన పరుపుల మీద వెల్లకిలా పడుకున్న ఆమె మొగుడు జుమాదిల్, "పనిలో పనిగా నోరు కూడా మూసుకుంటానని వేయించరా బావమరిదీ, ఇంట్లో నాకు కాస్త శాంతి ఉంటుంది" అన్నాడు.

జుమాదిల్ ఎప్పుడు చూసినా పడుకునే ఉంటాడు. సోమరితనం కాదు పాపం. సైబీరియాలో మేస్త్రీ కింద ఇళ్ళకు వేసే కాంక్రీటు పలకలు మోసి మోసి నడుము పోగొట్టుకుని వచ్చాడు. వెళ్ళేటప్పుడు గుర్రాల మీద మేకపోతు కళేబరాన్ని లాక్కునే పందెంలో మొనగాడు. తిరిగొచ్చాక గుర్రం ఎక్కడం మాట అటుంచి, లేచి నిలబడాలంటే ఇంకొకరి భుజం కావాలి. ఆ మేస్త్రీయే ఈ వసంతంలో మళ్ళీ వచ్చి ఎర్మెక్ భుజాలు తడిమి చూసి, శరత్తులో వ్యాను వస్తుంది, సిద్ధంగా ఉండు అని చెప్పి పోయాడు. గొడ్డును కొనేవాడు తడిమినట్టు తడిమాడు. సైరాకాన్‌కు ఒళ్ళు మండిపోయింది.

ఆ వ్యాను ఎక్కకుండా ఉండడానికి ఎర్మెక్‌కు ఒకటే దారి ఉంది. కొండల్లో కంకర రోడ్ల మీద ఏటా జరిగే సైకిల్ పందెంలో మొదటి ముగ్గురిలో రావాలి. ఆ ముగ్గురినీ ఒక విదేశీ సైకిళ్ళ కంపెనీ జీతమిచ్చి తన జట్టులోకి తీసుకుంటుంది. నాలుగోవాడికి చప్పట్లు. ఎర్మెక్‌కు ముప్పై నాలుగేళ్ళు, ఒక మోకాలు అప్పుడే మొరాయిస్తోంది. ఇంకో ఏడు చూద్దాంలే అనుకునే వయసు కాదు.

ఆ పందెంలో మజిలీలు మాత్రం ముందే చెబుతారు. మజిలీకీ మజిలీకీ మధ్య ఎవరి దారి వారిది. అక్కడే ఉంది ఎర్మెక్ ధైర్యమంతా. కారాతోర్ మీదుగా కనుమకు పోవాలంటే పటంలో కనిపించేది పాత గని దారి ఒక్కటే. గని మూతపడి, లారీలు పోయి, ఇప్పుడు ఆ కంకర మీద మా మందలు తిరుగుతున్నాయి. ఆ దారి ఏటి దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. వంతెన ఎప్పుడో కొట్టుకుపోయింది. కొత్తది కట్టిస్తామని ప్రతి ఎన్నికలకూ ఎవరో ఒకరు వచ్చి ఫొటో దిగి పోతుంటారు. పొద్దున పూట ఏరు మోకాలి లోతు. పైన మంచు కరిగిన నీళ్ళు దిగాక, మధ్యాహ్నం దాటిందంటే అది ఏరు కాదు, యముడు. పోయినేడు ఒక కాపరిని గుర్రంతో సహా మింగింది.

ఏటికి ఈవలే చీలిపోయి, జునిపర్ పొదల మధ్య నుంచి గట్టు ఎక్కే మందదారి ఇంకొకటి ఉండేది. తాతల కాలంలో గొర్రెలను తోలిన దారి. జనం మరిచిపోయారు. ఎర్మెక్ రెండు వేసవులు దాని మీదే పడ్డాడు. విరిగిపడ్డ రాళ్ళు తొలగించాడు, పొదలు కొట్టాడు, సైకిల్ ఎక్కడ తొక్కొచ్చో ఎక్కడ భుజాన వేసుకోవాలో చూసుకున్నాడు. ఏరు దాటకుండా తిన్నగా కనుమకు చేరుతుందది.

"మధ్యాహ్నం తర్వాత ఇక్కడికి వచ్చినవాడు ఎవడైనా సరే తెల్లారేదాకా ఏటి ఒడ్డున కూర్చోవలసిందే" అని అక్కకు అరచేతిలో గీసి చూపించాడు. "నేను పైదారిన ఎక్కేస్తాను. పైన రాళ్ళ దొడ్డి ఉందిగా, అందులో పడుకుని ఒక నిద్ర తీస్తా. అవతలి దిగుడు చీకట్లో మెడలు విరగ్గొట్టే రకం. వెలుగు రాగానే దిగుతా. అప్పటికి వీళ్ళింకా బూట్లు విప్పుకుంటూ ఉంటారు."

"ఎవరికీ చెప్పకు మరి" అంది సైరాకాన్.

"నేనెవరికి చెబుతానక్కా? నువ్వు చెప్పకుండా ఉంటే చాలు."

పందెం వాళ్ళు లోయలోకి దిగిన రోజు సైరాకాన్ చీకటి ఉండగానే పొయ్యి రాజేసింది. బోర్సోక్ పిండి ముక్కలు నూనెలో వేయించి పోసింది, మీగడ తీసింది, కుమిస్ తోలుతిత్తిని చిలికి గుమ్మంలో పెట్టింది. మొదటి ఇద్దరూ పొద్దున్నే వచ్చి, గిన్నె ఖాళీ చేసి, దండం పెట్టి, మోకాలి లోతు నీళ్ళలో ఏరు దాటి పోయారు. వాళ్ళను పట్టడం ఇక ఎవరి తరమూ కాదు. మూడో చోటు ఒక్కటే మిగిలింది.

ఎర్మెక్ మధ్యాహ్నం దాటాక వచ్చాడు. మూడోవాడు! సైరాకాన్‌కు ఎగిరి గంతెయ్యాలనిపించింది. కానీ వాడి ముఖం చూడాలి! పెదవులు పగిలి నెత్తురు కట్టాయి. మోకాలికి గుడ్డ చుట్టుకున్నాడు. ఎండలో ఎండి దుమ్ములో వెలసిన ఆ మనిషిని చూసి కూడా ఆమె అందరికీ ఇచ్చినట్టే ఒక గిన్నె, ఒక రొట్టె ముక్క ఇచ్చింది. అందరికంటే నిండుగా పోసిందేమోనని మళ్ళీ అనుమానం వచ్చి గిన్నె వైపు చూసుకుంది. వాడు నిలబడే తాగాడు. ఏటి హోరు చెవిన పడి, ఒక్కసారి అక్క కళ్ళలోకి చూశాడు. ఆమె చప్పున తల దించుకుంది. చీలిక దగ్గర వాడు పైకి తిరిగి, పొదల్లో సైకిల్ నెట్టుకుంటూ ఎక్కుతుంటే చెయ్యి ఊపాలనిపించింది. ఊపడం కూడా సాయం కిందికి వస్తుందేమోనని ఊపలేదు, పిచ్చిది.

పొద్దు వాలుతుండగా నాలుగోవాడు వచ్చాడు.

రావడమంటే సైకిల్ మీద రాలేదు. సైకిల్ మీద వాలిపోయి, దాన్ని ఊతకర్రలా పట్టుకుని నడిచొచ్చాడు. డెన్మార్క్ మనిషి, పేరు యోనాస్ అని రొమ్ము తట్టుకుని చెప్పాడు. గడ్డం నిండా దుమ్ము. గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద కూలబడ్డాడు. సైరాకాన్ అన్నీ మరిచిపోయి వాడి చంకలో చెయ్యి వేసి లోపలికి తెచ్చింది. గుమ్మానికి ఎదురుగా, గౌరవస్థానంలో కూర్చోబెట్టింది. వాడు రెండు గిన్నెలు తాగి, రొట్టె తిని, కళ్ళు తెరిచాడు. తెరిచి, "కనుమ? కనుమ?" అని రష్యన్‌లో అడిగాడు.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, వీడు నాలుగోవాడని.

ఆ తర్వాత ఆమె చేసిన మర్యాద చూస్తే ఎవరైనా మురిసిపోతారు. రాత్రికని ఉంచిన మాంసం దించేసింది. కొవ్వు ముక్కలు ఏరి ఏరి వాడి ముందు పెట్టింది. వీపు వెనక దిండు, కాళ్ళ మీద గొర్రె తోలు కోటు. పడుకో, పడుకో అని రెండు చేతులూ చెంప కింద పెట్టి చూపించింది. అతిథిని ఇంత ప్రేమగా చూసుకోవడం ఇదే మొదలు కాదు. మనసులో ఒకటి పెట్టుకుని చూసుకోవడం మాత్రం ఇదే మొదలు.

జుమాదిల్ పడుకున్నచోటి నుంచే అంతా చూస్తున్నాడు. "ఏమే, ఇవాళ మరీ వెన్న పూస్తున్నావు?"

"అతిథి కదా."

"అతిథే. తెల్లారేదాకా లేవకుండా కుక్కి కుక్కి పెడుతున్నావు."

"నీ పని నువ్వు చూసుకో."

"నాకేం పని ఉందే చూసుకోవడానికి?" అన్నాడు జుమాదిల్. ఆమె ఇంకో కొవ్వు ముక్క ఏరి అతిథి ముందు పెట్టింది.

యోనాస్ కాసేపు నిజంగానే కునికాడు. సైరాకాన్ గిన్నె చప్పుడు కూడా కానివ్వకుండా కూర్చుంది. అంతలో వాడి చేతికున్న గడియారం కీచుమంది. ఉలిక్కిపడి లేచి, ఆమె రెండు చేతులూ పట్టుకుని తన భాషలో ఏదో చెప్పి, బయటికి నడిచాడు. ఆగు, నీళ్ళు, పొద్దున, అని ఆమె చేతులతో చెప్పింది. మెడ దాకా చెయ్యి పెట్టి చూపించింది. వాడు తన బూట్లు చూపించి, తడిస్తే తడవనీ అన్నట్టు నవ్వి, సైకిల్ ఎక్కి ఏటివైపు పోయాడు. తిన్న తిండి వాడికి బాగా ఒంటబట్టింది.

సైరాకాన్ గుమ్మంలో నిలబడింది. పోనీ. నేను చెప్పాను, చేతులు ఊపాను, వాడు వినలేదు. నా తప్పేముంది? పోనీ.

"ఏమే" అన్నాడు లోపల్నుంచి జుమాదిల్, "మనిషి ఏటివైపు పోతున్నాడు."

"తెలుసు."

"తెలిసే నిలబడ్డావా?"

జుమాదిల్ లేవడానికి ప్రయత్నించాడు. నడుము పట్టేసి అమ్మా అని మళ్ళీ పడ్డాడు. ఆ మూలుగు వినలేక ఆమె పరుగెత్తి, జీను కూడా వెయ్యకుండా గుర్రం ఎక్కింది.

చేరేసరికి యోనాస్ సైకిల్‌ను భుజాన వేసుకుని తొడల లోతు నీళ్ళలో ఉన్నాడు. ఇంకో రెండడుగులు వేస్తే మిగతాది ఏరు చూసుకుంటుంది. సైరాకాన్ గొంతు చించుకుని అరిచింది. హోరులో వాడికి వినబడలేదు. గుర్రాన్ని నీళ్ళలోకి తోలి, వాడి చొక్కా కాలర్ పట్టుకుని, కుక్కపిల్లను లాగినట్టు ఒడ్డుకు లాక్కొచ్చింది.

"చస్తావురా! చస్తావు! నీకు తల్లి లేదా?" అని తిట్టింది. ఆ తిట్టు వాడికి అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. ఒడ్డున చతికిలబడ్డాడు. ఇంటికి పద అని ఆమె వెనక్కి చూపించింది. వాడు తల అడ్డంగా ఊపాడు. కాసేపు వగర్చి, మళ్ళీ లేచి, నీళ్ళ పొడవునా పైకీ కిందికీ చూస్తూ ఇంకెక్కడ దిగొచ్చా అని వెతకడం మొదలుపెట్టాడు. మొండిఘటం. చచ్చిపోయే మొండితనం. ఎర్మెక్‌కూ అదే ఉంది.

ఆ ఒడ్డున ఆమె ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. నోరు విప్పితే తమ్ముడు సైబీరియాకు. విప్పకపోతే తన రొట్టె తిన్న మనిషి ఏట్లోకి. మా వాళ్ళలో అతిథిని సాగనంపడమంటే గుమ్మం దాకా వెళ్ళి చెయ్యి ఊపడం కాదు. దారిన పెట్టి రావాలి. అతను క్షేమంగా పోయే దారి కనిపించేదాకా వెంట వెళ్ళాలి. ఏ ఆడదీ ఏ మగాడూ ఇది ఎవరి దగ్గరా నేర్చుకోరు. పాలతోపాటు వస్తుంది. ఇవాళ ఒక్కరోజుకు దాన్ని దించి పక్కన పెట్టాలని ఆమె చాలా ప్రయత్నించింది. దేవుడా, ఒక్కరోజుకు!

తర్వాత గుర్రాన్ని తిప్పి, రా అంది. చీలిక దాకా తీసుకెళ్ళి, పొదల మధ్య నుంచి పైకి పోతున్న సన్నని గీతను చూపించింది. కనుమ, అంది. యోనాస్ దాన్ని చూశాడు, ఏటిని చూశాడు, ఆమెను చూశాడు. అక్కడే, ఎర్మెక్ సైకిల్ టైరు తాజా గుర్తుల పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని ఆమె చెయ్యి నుదుటికి ఆనించుకున్నాడు. ఆమె చెయ్యి లాక్కుంది.

ఫోను పనిచేసే దిబ్బ ఒకటి ఉంది గుడారం వెనక. పందెంలో ప్రతి మనిషీ ఎక్కడున్నాడో ఫోనులో చుక్కలుగా కనిపిస్తుంది. సైరాకాన్ దిబ్బ మీద కూర్చుని చూసింది. గట్టు పైన ఎర్రచుక్క కదలకుండా ఉంది. రాళ్ళ దొడ్డిలో ఎర్మెక్ పడుకున్నాడు, రెండు రాత్రుల తర్వాత మొదటి నిద్ర, ఎవరూ రారనే ధీమాతో. యోనాస్ నీలం చుక్క కింది నుంచి పాకుతోంది.

గుర్రం ఇంకా తడిగానే నిలబడి ఉంది. దానితో ఆమె అడ్డదారిన పోతే వాడికంటే ముందే పైకి చేరగలదు. లేవరా, వాడొస్తున్నాడు లేవరా అని ఒక్క మాట. ఎవరు చూస్తారు? ఆమె దిగి, ఈసారి జీను కూడా వేసింది. ఎక్కలేక అలాగే జీను పట్టుకుని నిలబడింది. ఒట్టుకు భయపడి కాదు. రొట్టె కొడితే కొట్టనీ అని ఎప్పుడో అనుకుంది. కానీ తను లేపితే ఎర్మెక్ లేస్తాడు, లేచి కూర్చుని, నువ్వు సాయం చేశావు కాబట్టి నేను పందెంలో లేనక్కా అంటాడు. వాడంతే. చిన్నప్పుడు గోళీలాటలో కూడా తప్పాడితే తనే చెప్పుకుని బయటికి పోయేవాడు.

రాత్రి బాగా పొద్దుపోయాక నీలం చుక్క ఎర్రచుక్కను చేరింది. ఒక్క క్షణం రెండూ ఒకటిగా కనిపించాయి. తర్వాత నీలం చుక్క అవతలి పక్కకు జారింది. వెన్నెల ఉంది. దిగుతాడు, నడిచైనా దిగుతాడు. సైరాకాన్ దిబ్బ మీదే కూర్చుని ఏడ్చింది, పెద్దగా, ఎవరూ వినడానికి లేరు కాబట్టి.

ఎర్మెక్ నాలుగో స్థానంలో వచ్చాడు.

వారం తిరక్కుండా లోయకు వచ్చాడు. కూర్చున్నాడు, కుమిస్ తాగాడు, బావ నడుము ఎలా ఉందని అడిగాడు. తర్వాత గిన్నె కింద పెట్టి, "వాడికి దారి ఎలా తెలిసిందో నాకు అంతు పట్టడం లేదక్కా" అన్నాడు.

"నేనే చూపించాను" అంది సైరాకాన్.

జుమాదిల్ కళ్ళు మూసుకున్నాడు. ఎర్మెక్ గిన్నెను పక్కకు జరిపాడు.

"ఏట్లో దిగాడా?"

"తొడల దాకా."

"పొద్దు వాలాకా?"

"ఆఁ."

"అయితే ఇంకేం చేస్తావులే" అన్నాడు. కానీ ఆమె వైపు చూడలేదు.

"తిట్టరా" అంది ఆమె. "కొట్టు. పాపిష్టిదానివి అను. ఊరికే అలా కూర్చోకు."

"ఎందుకు తిట్టాలక్కా? నేనైనా అదే చేసేవాణ్ణి." ఆ మాట ఆమెను తిట్టు కంటే ఎక్కువ బాధపెట్టింది. చేసేవాడే మరి. అందుకేగా వాడు నాలుగోవాడయ్యాడు.

శరత్తులో వ్యాను వచ్చింది. సైకిల్ అంతకు ముందే అమ్ముడైంది, దారి ఖర్చులకు. జుమాదిల్ తన నడుముకు కట్టుకునే తోలుపట్టీ విప్పి బావమరిది చేతిలో పెట్టాడు. "బరువెత్తే ముందు బిగించు. నేను మొదటి ఏడు సిగ్గుపడి కట్టుకోలేదు" అన్నాడు. సైరాకాన్ రొట్టె పట్టుకొచ్చింది. ప్రయాణమయ్యేవాడు ఒక కొస కొరికిపోతే మిగతాది వాడు తిరిగొచ్చేదాకా దాచి ఉంచుతారు. ఎర్మెక్ కొరికాడు. మేస్త్రీ హారను కొడుతున్నాడు. ఆమె వ్యాను వెనక లోయ చివరిదాకా గుర్రం మీద వెళ్ళింది. ఆ తర్వాత దుమ్ములో వ్యాను కనిపించలేదు.

మరుసటి వేసవికి సైకిళ్ళు వచ్చాయి. పందెం రోజే కాదు, అన్ని రోజులూ. యోనాస్ తను వెళ్ళిన దారిని ఫోనుల్లో అందరికీ కనిపించేలా పెట్టాడట. గుర్రం మీద వచ్చి తనను ఏట్లోంచి లాగిన ఆడమనిషి గురించి కూడా రాశాడట, చాలా మంచిగా. ఇప్పుడు ఆ మందదారి పటంలో ఉంది. దాని పేరు యోనాస్ దారి. జంటలుగా, గుంపులుగా వస్తారు, కంకర రోడ్డున లోయంతా తొక్కుకుంటూ వచ్చి గుడారం ముందు ఆగి, ఫోను చూపించి, "యోనాస్?" అని అడుగుతారు.

మొదట్లో ఆమె, "ఎర్మెక్, ఎర్మెక్" అని సరిదిద్దేది. వాళ్ళు అదేదో పలకరింపనుకుని "ఎర్మెక్!" అని నవ్వుతూ తిరిగి అనేవారు. తర్వాత మానేసింది.

ఒకరోజు ముగ్గురు కుర్రాళ్ళు లోపల తింటుండగా, దిబ్బ మీద పెట్టి ఉంచిన ఫోను మోగింది. ఆమె దిబ్బ మీదికి పరుగెత్తింది. ఎర్మెక్ గొంతు చలికి బొంగురుపోయి ఉంది.

"ఎలా ఉన్నావురా? నడుము ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

బాగానే ఉంది అనడంలో ఆ నిదానం ఆమెకు తెలుసు. జుమాదిల్ కూడా మొదట్లో అలాగే అనేవాడు.

"అక్కా, మన దారిలో జనం తిరుగుతున్నారా?"

ఆమె గుడారం ముందు వాల్చిన మూడు సైకిళ్ళ వైపు చూసింది. "లేదురా. ఎవరూ రారు. పొదలు మళ్ళీ మూసుకుపోయాయి."

అటు నుంచి యంత్రాల మోత, ఎవరో ఎవరినో తిట్టడం.

"ఫోనులో చూశానక్కా" అన్నాడు. "చాలామంది వస్తున్నారు. ఒకటి చెప్పాలని చేశాను. పైదారిలో నల్లబండ దగ్గర కుడివైపు కొత్తగా రాళ్ళు జారినట్టున్నాయి, ఎవరో ఫొటో పెట్టారు. ఎడమకి పొమ్మని చెప్పు. నీ దగ్గర తిని పోతారు కదా అందరూ, చెప్పి పంపు. ఎవడైనా పడితే చస్తాడు."

"చెబుతాను. నువ్వెప్పుడొస్తావు?"

"పిలుస్తున్నారక్కా" అన్నాడు, ఫోను ఆగిపోయింది.

కుర్రాళ్ళు అప్పటికే లేచి సైకిళ్ళు ఎత్తుతున్నారు. సైరాకాన్ దిబ్బ దిగి వచ్చి, వాళ్ళ వెంట చీలిక దాకా నడిచింది. పైనున్న నల్లబండ వైపు వేలు చూపి, ఎడమ చెయ్యి ఎత్తి, ఇటు, ఇటు అని ముగ్గురికీ విడివిడిగా చూపించింది.